ముందు ఆ ట్యూబ్ మీద పేరు చదువు చెల్లీ

ప్రశ్న: అక్కా, నాకు 20 ఏళ్ళు. విజయవాడలో హాస్టల్‌లో ఉండి బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. రెండేళ్ళుగా బుగ్గల మీద, గడ్డం దగ్గర మొటిమలు. ఈమధ్య వీపు మీద, భుజాల మీద కూడా వస్తున్నాయి. నిమ్మరసంలో వంటసోడా కలిపి రాశాను, టూత్‌పేస్ట్ పెట్టాను, పసుపు వేపాకు ముద్ద వేశాను. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చాయి. మెడికల్ షాపులో అడిగితే ఒక క్రీమ్ ఇచ్చాడు. వారంలోనే ముఖం తెల్లగా, నున్నగా అయిపోయింది. రెండు నెలలు రాసి మానేస్తే ముఖమంతా ఎర్రగా మండి ముందుకన్నా ఎక్కువ వచ్చాయి, అందుకే మళ్ళీ రాస్తున్నాను. నా రూమ్మేట్ మొటిమలకు ఏదో మాత్ర వాడుతోంది, నన్నూ వేసుకోమంటోంది. అమ్మేమో నేను ముఖం సరిగ్గా కడుక్కోనని, వేడి చేసిందని అంటుంది. మాఘమాసంలో అక్క పెళ్ళి, ఇంకా మూడు నెలలే ఉంది. ఇంట్లోనే తగ్గించుకునే దారి చెప్పండి.

జవాబు:

చెల్లీ, నిమ్మరసం సంగతి, మాత్ర సంగతి, అమ్మ మాటల సంగతి అన్నీ తర్వాత మాట్లాడుకుందాం. ముందు లేచి ఆ క్రీమ్ ట్యూబ్ తీసి, దాని మీద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేర్లు చదువు. పెద్ద అక్షరాల్లో ఉన్న కంపెనీ పేరు కాదు, దాని కింద ఉన్నవి. బెటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్, ఫ్లూసినోలోన్, బెక్లోమెథాసోన్, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అది స్టెరాయిడ్ క్రీమ్. నేను ఫార్మసిస్టుని. వారంలో తెల్లగా నున్నగా అయ్యి, మానేయగానే మంటతో ఎర్రబడింది అని ఎవరు చెప్పినా నాకు మొదట వచ్చే అనుమానం ఇదే, నీ ఉత్తరం చదువుతుంటే కూడా అదే వచ్చింది.

స్టెరాయిడ్ చేసేదల్లా వాపునూ ఎరుపునూ అణచిపెట్టడం, రక్తనాళాలను కుదించడం. అందుకే ముఖం తెల్లబడినట్టు, మొటిమలు మాయమైనట్టు కనిపిస్తుంది. లోపల మూసుకుపోయిన రంధ్రాలు మాత్రం అలాగే ఉంటాయి. వారాల తరబడి రాస్తుంటే చర్మం పల్చబడుతుంది, సన్న నరాల్లాంటి ఎర్ర గీతలు తేలతాయి, కొందరికి ముఖం మీద వెంట్రుకలు పెరుగుతాయి, పైగా ఆ క్రీమే కొత్త మొటిమలు పుట్టిస్తుంది. మానేస్తే మంట, ఎరుపు, చీము పొక్కులు ఒక్కసారిగా వస్తాయి. ఆ బాధ తట్టుకోలేక మళ్ళీ రాస్తారు, నువ్వు చేసింది కూడా అదే, అందులో నీ తప్పేం లేదు. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూత మందులను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని నిబంధన తెచ్చింది. అయినా ఇలా అమ్మేవాళ్ళు ఉన్నారు, ఆడపిల్ల వచ్చి "ముఖానికి ఏదైనా మంచి క్రీమ్ ఇవ్వండి" అంటే చేతికి దొరికింది తీసి ఇచ్చేస్తారు. నాకు చాలా కోపం తెప్పించే విషయం ఇది. డాక్టర్ చీటీ మీదే ఇవ్వాల్సిన మందుల ప్యాకెట్ మీద నిలువుగా ఎర్ర గీత ఉంటుంది, ఇక మీదట ఏ ట్యూబ్ కొన్నా అది చూడు.

కాబట్టి ఇంట్లోనే తగ్గించుకోవాలని నువ్వు అడిగినా, ముఖం విషయంలో మొదటి అడుగు చర్మ డాక్టర్ దగ్గరికే. ఈ వారంలోనే వెళ్ళు. రెండు నెలల పైగా రాసిన స్టెరాయిడ్‌ను ఒకేసారి ఆపాలా, కొంచెం కొంచెంగా తగ్గించాలా, మధ్యలో మంటకు ఏం రాయాలి అన్నది నీ ముఖం చూసి చెప్పాల్సిన విషయం. ట్యూబ్‌ను పారేయకుండా సంచిలో వేసుకుని వెళ్ళు, ఎన్ని రోజులు, రోజుకు ఎన్నిసార్లు రాశావో కూడా చెప్పు, దాచొద్దు. డబ్బు గురించి ఆలోచిస్తున్నావేమో, విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీ ఉంది, కాలేజీకి ఒక పూట సెలవు పెట్టి ఉదయాన్నే వెళ్ళు. ఒకవేళ ట్యూబ్‌లో స్టెరాయిడ్ లేదని తేలినా సరే, అంతగా మండిన ముఖాన్ని డాక్టర్ చూడటమే మంచిది.

డాక్టర్ని కలిసేదాకా ముఖానికి మూడే మూడు. గాఢమైన వాసన లేని మెత్తటి ఫేస్‌వాష్ రోజుకు రెండుసార్లు, నీళ్ళలాంటి పల్చటి మాయిశ్చరైజర్, పగలు బయటికెళ్ళేటప్పుడు ఎస్‌పీఎఫ్ 30 లేదా ఆ పైన ఉన్న జెల్ సన్‌స్క్రీన్. మాయిశ్చరైజర్ రాస్తే జిడ్డు పెరిగి మొటిమలు వస్తాయని చాలామంది భయపడతారు. డబ్బా మీద నాన్ కొమెడోజెనిక్, అంటే చర్మ రంధ్రాలను మూసేయనిది, అని ఉన్నది తీసుకుంటే ఆ భయం అక్కర్లేదు. దెబ్బతిన్న చర్మానికి ఇప్పుడు కావాల్సింది అదే. యాసిడ్ సీరమ్‌లు, స్క్రబ్‌లు, ప్యాక్‌లు అన్నీ పక్కన పెట్టేయ్.

ఇక అమ్మ మాట. నువ్వు ముఖం కడుక్కోకపోవడం వల్ల మొటిమలు రాలేదు, ఈ మాట అమ్మకు కూడా చదివి వినిపించు. చర్మంలో ప్రతి వెంట్రుక కుదురుకూ ఆనుకుని ఒక నూనె గ్రంథి ఉంటుంది. యుక్తవయసులో హార్మోన్ల వల్ల ఆ గ్రంథి ఎక్కువ నూనె వదులుతుంది, కుదురు మూతి దగ్గర రాలిపోవాల్సిన మృతకణాలు రాలకుండా అంటుకుని దాన్ని మూసేస్తాయి, లోపల చిక్కుకున్న నూనెలో మామూలుగానే మన చర్మం మీద బతికే ఒక బ్యాక్టీరియా పెరుగుతుంది, ఒళ్ళు దానితో పోరాడితే ఎర్రబడి, ఉబ్బి, చీము పడుతుంది. మురికికి ఇందులో పాత్ర లేదు. బ్లాక్‌హెడ్స్ నల్లగా ఉండేది కూడా మురికి వల్ల కాదు, లోపలి పదార్థం గాలి తగిలి రంగు మారడం వల్ల. రోజుకు అయిదారుసార్లు సబ్బు పెట్టి రుద్దితే పైపొర చిరాకుపడి ఇంకా ఎర్రబడుతుంది. రెండుసార్లు చాలు, బాగా చెమట పడితే ఇంకోసారి.

ఇందులో నువ్వు గట్టిగా గుర్తు పెట్టుకోవాల్సింది ఒకటుంది. ఈరోజు అద్దంలో కనిపించిన మొటిమ ఈరోజు పుట్టింది కాదు. ఆ రంధ్రం మూసుకుపోవడం కొన్ని వారాల ముందే, ఒక్కోసారి రెండు నెలల ముందే మొదలవుతుంది. అందుకే లేచిన మొటిమ మీద చుక్క పెట్టినట్టు మందు రాస్తే లాభం తక్కువ, మొటిమలు వచ్చే ప్రాంతమంతా పల్చగా రాయాలి. పది రోజుల్లో తేడా లేదని మందు మార్చేస్తే ఏ మందుకూ పనిచేసే అవకాశం ఇవ్వనట్టే. ఇంటర్నెట్‌లో చూసి వారానికొకటి మార్చేవాళ్ళకు తగ్గకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

వంటింటి వైద్యాల గురించి కూడా నిజం చెప్పేస్తాను. ఆమ్లం ఎంతో చెప్పే కొలత పీహెచ్, 7 కన్నా తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ, 7 దాటితే క్షారం. మన చర్మం కాస్త ఆమ్లంగా ఉంటుంది, పీహెచ్ 5 దగ్గర. నిమ్మరసం 2 దగ్గర ఉంటుంది, వంటసోడా నీళ్ళేమో 8 దాటుతాయి. రెంటినీ కలిపినప్పుడు పొంగి నురగ వస్తుంటే ఏదో పనిచేస్తోందనిపిస్తుంది కానీ, ఏది ఎక్కువైతే దాని దెబ్బ చర్మం తింటుంది. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కాలినట్టు నల్ల మచ్చలు పడతాయి, అవి నెలల తరబడి పోవు. టూత్‌పేస్ట్ పళ్ళ కోసం తయారైంది, మొటిమను ఎండగట్టే పేరుతో చుట్టూ ఉన్న చర్మాన్ని మండిస్తుంది. వేపాకులో సూక్ష్మక్రిములను చంపే గుణం ఉంది, పసుపులో వాపు తగ్గించే గుణం ఉంది, నేను కాదనను. కానీ ముద్ద నూరి రాసుకుంటే అందులో మందు ఎంత ఉంది, రంధ్రం లోపలికి ఎంత పోయింది అన్నదానికి లెక్క లేదు, చిట్లిన మొటిమల మీద నూరిన ఆకు పెడితే మంట మాత్రం ఖాయం. కలబంద ఇష్టమైతే ఆకు కోశాక కారే పసుపు జిగురు పూర్తిగా పోయేలా కడిగి లోపలి గుజ్జు మాత్రమే వాడాలి, ఆ జిగురు దురద పుట్టిస్తుంది. అదీ ముఖం కుదుటపడ్డాకే.

వీపుకు మాత్రం డాక్టర్ అపాయింట్‌మెంట్ దాకా ఆగక్కర్లేదు, ఈరోజే మొదలుపెట్టొచ్చు. కానీ ముందు ఒక విషయం చూసుకో, నువ్వు ఉత్తరంలో రాయలేదు. ఆ పొక్కులు దురద పెడుతున్నాయా? అన్నీ ఒకే సైజులో, ఆవగింజల్లా చిన్నగా, వీపు పైభాగం, ఛాతీ, నుదురు మీద ఒత్తుగా ఉన్నాయా? అలాగైతే అవి మొటిమలు కాకపోవచ్చు. మన ఉక్కపోతలో, చెమట ఎక్కువ పట్టేవాళ్ళకు, కొన్నాళ్ళు యాంటీబయాటిక్స్ లేదా స్టెరాయిడ్లు వాడినవాళ్ళకు వెంట్రుక కుదుళ్ళలో ఫంగస్ పెరిగి అచ్చం మొటిమల్లాంటి పొక్కులే వస్తాయి. వాటికి మొటిమల మందు పెద్దగా పనిచేయదు, యాంటీబయాటిక్ వేసుకుంటే ఇంకా పెరుగుతాయి. ఫంగస్‌ను చంపే కీటోకోనజోల్ 2 శాతం షాంపూని స్నానంలో వీపుకు పట్టించి అయిదు నిమిషాలుంచి కడిగేయడం లాంటివి దానికి వైద్యం. దురద ఉంటే డాక్టర్‌కు ముఖంతో పాటు వీపూ చూపించు, సిగ్గుపడకు.

దురద లేకుండా, చిన్నవీ పెద్దవీ కలిసి, కొన్ని చీముతో, కొన్ని నల్ల తలలతో ఉంటే అవి మొటిమలే. వాటికి బెంజాయిల్ పెరాక్సైడ్ లాంటిది ఇంకొకటి లేదని నేను నమ్ముతాను. చాలా పాత మందు, ఖరీదు తక్కువ, అన్నిటికన్నా మంచి విషయం ఏమిటంటే బ్యాక్టీరియా దీనికి అలవాటు పడిపోదు, యాంటీబయాటిక్ జెల్‌లకు అలవాటు పడినట్టు. 2.5, 5, 10 శాతం బలాల్లో ఉంటుంది. బలం ఎక్కువైతే తొందరగా తగ్గుతుందనుకుని 10 కొనొద్దు, 2.5 కూడా దాదాపు అంతే పనిచేస్తుంది, మంట మాత్రం తక్కువ. వీపు చర్మం మందంగా ఉంటుంది కాబట్టి 5 శాతం దాకా తట్టుకుంటుంది. వాష్ రూపంలో దొరికితే సరే, లేకపోతే జెల్‌నే స్నానానికి ముందు వీపు మీద, భుజాల మీద పల్చగా పూసి అయిదు నిమిషాలుంచి శుభ్రంగా కడిగేయ్. మొదటి వారం రోజు విడిచి రోజు, తర్వాత అలవాటైతే రోజూ. చేయి అందని చోట రూమ్మేట్ సాయం తీసుకో. ముందు రెండు మూడు రోజులు భుజం మీద ఒక చిన్న చోట రాసి చూడు. కాస్త పొడిబారడం, చురుక్కుమనడం మామూలే కానీ వాపు, నీటి పొక్కులు వస్తే ఆపేయాలి. ఇంకో ముఖ్యమైన విషయం, ఇది బట్టల రంగు లాగేస్తుంది. తెల్ల తువ్వాలు వాడు, కడిగినా కొంచెం మిగిలి ఉంటుంది కాబట్టి పడుకునేటప్పుడు పాత తెల్ల టీషర్ట్ వేసుకో, పెళ్ళికి కొన్న చున్నీలు దగ్గరికి రానీయకు.

కాలేజీ బ్యాగ్ పట్టీలు ఒరుసుకునే చోటే భుజాల మీద ఎక్కువ వస్తాయి, గమనించావో లేదో. చెమట, రాపిడి, బిగుతుగా ఉండే సింథటిక్ బట్టలు, ఈ మూడూ కలిస్తే వీపు మొటిమలు రేగుతాయి. వదులుగా ఉండే కాటన్ వేసుకో, కాలేజీ నుంచి రాగానే చెమట బట్టలు మార్చి స్నానం చెయ్. తలస్నానం చేసేటప్పుడు షాంపూ, కండిషనర్ వీపు మీదుగా కారతాయి కాబట్టి తల కడుక్కున్నాక చివర్లో వీపు రుద్దుకో. రుద్దుకోవడం అంటే చేత్తోనే, పీచుతోనో ప్లాస్టిక్ స్క్రబ్బర్‌తోనో కాదు.

డాక్టర్ నీ ముఖాన్ని స్టెరాయిడ్ నుంచి బయటికి తెచ్చాక ఏం వాడాలో వాళ్ళే రాసిస్తారు. బహుశా అడాపలీన్ 0.1 శాతం జెల్ రాయొచ్చు. అమెరికాలో ఇది 2016 నుంచి చీటీ లేకుండానే దొరుకుతోంది, మన దగ్గర చీటీ కావాలి. మూసుకుపోయే రంధ్రాలను మూసుకోకుండా చేసే మందు ఇది, అంటే సమస్య మొదలయ్యే చోటే పనిచేస్తుంది. చాలామంది దీన్ని తప్పుగా వాడి మధ్యలో వదిలేస్తారు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. రాత్రిపూట, ముఖం కడుక్కుని పూర్తిగా ఆరాక, బఠాణీ గింజంత తీసుకుని ముఖమంతటికీ అంతే సరిపెట్టాలి. కళ్ళ చుట్టూ, పెదవుల మూలల్లో, ముక్కు పక్క మడతల్లో వద్దు. మొదట వారానికి రెండు మూడు రాత్రులే, పైన మాయిశ్చరైజర్. మొదటి మూడు నాలుగు వారాలు పొట్టు లేస్తుంది, కొందరికి మొటిమలు కాస్త పెరిగినట్టు కూడా ఉంటుంది, అక్కడే భయపడి మానేస్తారు. మానకు, మరీ మండితే రెండు రోజులు ఆపి మళ్ళీ మొదలుపెట్టు. గర్భం దాల్చే ఆలోచన ఉన్నవాళ్ళు, గర్భిణులు ఇది వాడకూడదు, ఇది చదువుతున్న మిగతా అక్కచెల్లెళ్ళ కోసం చెప్తున్నాను.

మీ రూమ్మేట్ మాత్ర మాత్రం వేసుకోవద్దు. అది ఏదో నువ్వు రాయలేదు, ఐసోట్రెటినోయిన్ అయితే అది మొండి మొటిమలకు నిజంగా గొప్ప మందు, కానీ గర్భంలో బిడ్డకు తీవ్రమైన అవకరాలు తెచ్చే మందు కూడా. వాడుతున్నంత కాలం, ఆపాక కూడా కనీసం నెల రోజులు గర్భం రాకూడదు. లివర్‌కు, కొవ్వులకు రక్తపరీక్షలు చేయిస్తూ, బరువును బట్టి డోసు లెక్కగట్టి ఇస్తారు. యాంటీబయాటిక్ అయినా అంతే, ఎన్నాళ్ళు, దేనితో కలిపి అన్నది డాక్టర్ చెప్పాలి. తనకు బాగా తగ్గిందంటే సంతోషం, ఆ చీటీ తనది.

వేడి చేసిందన్న మాటకు వస్తే, మజ్జిగ తాగు, సబ్జా నీళ్ళు తాగు, ఒంటికి మంచిదే, మొటిమలు తగ్గుతాయని మాత్రం ఆశపడకు. తిండిలో కొందరికి తేడా తెచ్చేవి తీపి పానీయాలు, బేకరీ సరుకు, మైదా, కొంతమందికి పాలు. జిమ్‌కెళ్ళే అబ్బాయిలకు వే ప్రోటీన్ డబ్బాతో పాటే వీపు మొటిమలు మొదలవడం కూడా ఉంది. హాస్టల్ భోజనంలో నీ చేతిలో ఉన్నది తక్కువే, రోజూ తాగే కూల్‌డ్రింక్ ఉంటే అది మానెయ్, మామిడిపండు, కోడిగుడ్డు అంటూ అన్నీ మానేసి నీరసపడొద్దు. నూనె తినడం కన్నా తలకు రాసే నూనె సంగతి చూడు. రాత్రి తలకు నిండా కొబ్బరినూనె పట్టించి జడ వేసుకుని పడుకుంటే అది నుదుటికి, దిండుకి, బుగ్గలకి, వీపుకి చేరుతుంది. అమ్మ ఊరుకోకపోతే తలస్నానానికి గంట ముందు పెట్టుకుని కడిగెయ్. దిండు గలీబు వారానికి రెండుసార్లైనా మార్చు.

నెలసరి గురించి కూడా నువ్వు రాయలేదు. నెలలు తప్పి వస్తుంటే, గడ్డం మీద, పొట్ట మీద బిరుసు వెంట్రుకలు వస్తుంటే, బరువు పెరుగుతుంటే పీసీఓఎస్, అంటే అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య, ఉందేమో చూడాలి. గడ్డం దగ్గర కూడా వస్తున్నాయన్నావు కాబట్టి అడుగుతున్నాను. అది ఉంటే పైపూతలతో ఒక్కటే తగ్గదు, డాక్టర్‌తో ఆ మాట కూడా ఎత్తు. పెళ్ళైతే అవే పోతాయన్న మాట ఎవరైనా అంటే పట్టించుకోకు, ముప్పై దాటిన ఆడవాళ్ళు చాలామంది మొటిమలతో మా కౌంటర్ దగ్గరికి వస్తుంటారు.

మూడు నెలల్లో ఏమవుతుందో ఉన్నదున్నట్టు చెప్తాను. మొదటి నెల స్టెరాయిడ్ వదిలించుకోవడానికే పోవచ్చు, ముఖం ఇప్పటికన్నా అధ్వానంగా కూడా కనిపించొచ్చు. రెండో నెల చివర నుంచి కొత్తవి రావడం తగ్గుతుంది. మాఘమాసానికి మొటిమలు బాగా తగ్గి, వాటి మచ్చలు ఇంకా ఉండొచ్చు. మన చాయ చర్మానికి మొటిమ పోయినచోట గోధుమ రంగు మచ్చ నెలల పాటు ఉంటుంది, ఎండ తగిలితే ఇంకా ముదురుతుంది, అందుకే సన్‌స్క్రీన్ గురించి అంత పట్టుపడుతున్నాను. మచ్చలకు అజెలాయిక్ యాసిడ్ మంచిది, మొటిమలకూ పనిచేస్తుంది, దాని గురించి డాక్టర్‌ని అడుగు. గుంటలు పడితే మాత్రం ఏ క్రీముతోనూ పూడవు, అందుకే గిల్లొద్దు అని చెప్పేది. చేయి ఊరుకోకపోతే మొటిమల మీద అంటించే ప్యాచ్‌లు దొరుకుతాయి, తలకట్టిన మొటిమ మీద రాత్రి ఒకటి అంటించుకుంటే వేళ్ళు దూరంగా ఉంటాయి.

పెళ్ళికి ముందు పార్లర్‌కు అందరూ కలిసి వెళ్తారు కదా, నువ్వు ఫేషియల్, బ్లీచ్ రెండూ వద్దని చెప్పెయ్. స్టెరాయిడ్ వాడిన చర్మానికి బ్లీచ్ చాలా ప్రమాదం, ఆవిరి పట్టి మొటిమలు నొక్కడం మచ్చలకు దగ్గర దారి. నలుగు పెట్టే రోజు పిన్నులూ అత్తలూ సున్నిపిండి ముఖానికి రుద్దబోతే చేతులకు, కాళ్ళకు పెట్టించుకో, ముఖం వదిలెయ్యమను. మేకప్ వేసుకో, మొటిమలున్నాయని మానక్కర్లేదు, ఎంత రాత్రైనా కడుక్కుని పడుకో అంతే. సరిగ్గా నాలుగు రోజుల ముందు గడ్డం మీద లోతుగా, నొప్పిగా పెద్ద మొటిమ లేచిందనుకో, దాన్ని నొక్కకుండా చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆ ఒక్క మొటిమలోకి చిన్న ఇంజెక్షన్ ఇస్తారు, రెండు మూడు రోజుల్లో అణుగుతుంది. అది కూడా స్టెరాయిడే, కాకపోతే డాక్టర్ కొలిచి ఒక్క చోటే, ఒక్కసారే ఇచ్చేది. ఆ నాలుగు రోజులూ పాత ట్యూబ్ జోలికి పోకు.